వృత్తి, ప్రవృత్తి: కచేరీలో కూర్చుని కలం పట్టినవారు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి మనిషీ తనకు తాను ఒక మాట ఇచ్చుకొంటాడు. సంగీతమో, సాహిత్యమో, శాస్త్రమో, తనకు ప్రీతిపాత్రమైన దానిని విడిచిపెట్టననీ, తీరిక దొరికినప్పుడల్లా దాని సన్నిధికి చేరుతాననీ ఆ మాట. పదేళ్లు గడిచేసరికి ఆ తీరిక సెలవుదినాలకు వాయిదా పడుతుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి పదవీ విరమణకు వాయిదా పడుతుంది. ఈ వ్యాసకర్త ఇందుకు మినహాయింపు కాడు. చరిత్రలో పట్టం పుచ్చుకొన్న రోజుల్లో ఒక జిల్లా భూమిశిస్తును గూర్చి సేకరించిన కాగితాల కట్ట ఆరు బదిలీలలోనూ సామానుతోపాటు వెంట వచ్చింది గాని, దాని ముడి మాత్రం ఒక్కసారీ వీడలేదు. మనకు పూర్వం ఇటువంటి కుర్చీలలోనే కూర్చుని, ఇటువంటి దస్త్రాలమీదే సంతకాలు చేసి, అయినా చిరకాలం నిలిచే రచనలు చేసినవారు ఈ చిక్కును ఎలా తీర్చుకొన్నారన్న కుతూహలమే ఈ వ్యాసానికి మూలం.

ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానం కాలనియమం. తెల్లవారుజామున లేవండి, సమయాన్ని వృథా చేయకండి అని పెద్దలు చెబుతారు. ఆ హితవులో అసత్యం లేదు. కాని పందొమ్మిదవ శతాబ్దంలో మన దేశంలో ఉద్యోగమూ రచనా జోడుగా నడిపిన నలుగురైదుగురి జీవితాలను పరిశీలిస్తే, కాలం చాలకపోవడం వారి కష్టాలలో చిన్నదనిపిస్తుంది. కచేరీలో కళ్లారా చూచినదానిని కాగితంమీద ఎంతవరకు చెప్పవచ్చునన్నదే వారిని బాధించిన పెద్ద ప్రశ్న.

కడప బంగళా

1798లో కలకత్తాలో జన్మించి 1817లో మద్రాసు చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్చుకొన్నది మొదట అభిమానంతో కాదు, ఉద్యోగ నియమం వల్ల. దేశభాష రాని అధికారి జిల్లాలలో రాణించలేడు గనుక సెయింట్ జార్జి కోటలోని కళాశాలలో తెలుగు చదివారు. 1820లో కడప కలెక్టరు కచేరీలో నియమితులయ్యారు. కచేరీ వ్యవహారానికి చాలినంత భాష పట్టుబడగానే తోటి అధికారులు పలువురు అక్కడితో ఆగిపోయారు. బ్రౌన్ ఆగలేదు. 1824లో వేమన పద్యాల వ్రాతప్రతులు ఆయన దృష్టికి వచ్చాయి. వాటిని పోల్చి, పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో ప్రకటించారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరం మొదలైన చోట్లకు బదిలీ అయినప్పుడల్లా ఆయన చదువు తెగిపోలేదు సరికదా, కొత్త ఊరు కొత్త గ్రంథాలయమయింది. ఎక్కడికి వెళితే అక్కడి తాళపత్రాలు వెదకించారు. అక్కడి పండితుల పరిచయం సంపాదించారు. కడపలో బంగళా కొని, పండితులను, వ్రాయసకాండ్రను సొంత ఖర్చుతో పోషించారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటి విద్వాంసుల శ్రమ లేనిదే ఆయన పరిష్కరణలు లేవు. ఏ ఒక్క ఉద్యోగి ద్వితీయ జీవితమూ ఒంటరిగా సాగదనడానికి ఇది నిదర్శనం. దానివెనుక గుర్తింపు దక్కని చేతులు ఎన్నో ఉంటాయి.

మూల్యమూ తక్కువది కాదు. జీతంలో పెద్ద భాగం గ్రంథ సేకరణకు పోగా అప్పులు మిగిలాయి. 1832-33లో గుంటూరు సీమను పీడించిన కరవు కాలంలో ఆయన అక్కడ పనిచేశారు. పై అధికారులు ‘కొరత’ అన్నదానిని ఆయన ‘కరవు’ అని వ్రాశారని చరిత్రకారులు చెబుతారు. భాషాపరిశోధకునికి మాట విలువ తెలుసు. జనం ఆకలితో చస్తుంటే ఏ మాట వాడాలో తెలియకపోవడం అతనికి సాధ్యం కాదు. 1834లో ఉద్యోగం పోగొట్టుకొని ఇంగ్లండు చేరుకొన్నారు. అక్కడ కూడా ఇండియా హౌసు గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణాది భాషల వ్రాతప్రతులను మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించారు. 1838 నాటికి మళ్లీ మద్రాసులో కొలువు దొరికింది. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఉద్యోగ విరమణ చేసి లండను చేరిన తరువాత 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. 1884లో కన్నుమూశారు. కలెక్టరు కచేరీలో ఆయన వ్రాసిన ఉత్తరువులను నేడు తలచేవారు లేరు. నిఘంటువును తెరవని తెలుగు పరిశోధకుడు లేడు.

బాటసారి వ్రాసిన నాటకం

బ్రౌన్ ఎంతైనా పాలకుల జాతివాడు. స్వదేశీ ఉద్యోగి స్థితి ఇంకా ఇరకాటమైనది. జీతమిచ్చేది పరప్రభుత్వం, వ్రాయవలసినది తన ప్రజల బాధ. ఈ ఇరకాటం స్పష్టంగా కనిపించేది వంగదేశంలో.

దీనబంధు మిత్ర తపాలా శాఖలో ఉద్యోగి. తనిఖీల నిమిత్తం ఊరూరా తిరగడం ఆయన పని. ఆ తిరుగుడులో నీలిమందు దొరల దౌర్జన్యం కంటబడింది. వరి పండే భూమిలో రైతుచేత బలవంతంగా నీలి వేయించడం, బయానా పేరిట తీరని అప్పులో దింపడం, ఎదిరించినవారిని కొట్టడం, నిర్బంధించడం ఆయన కళ్లారా చూచారు. 1860లో ఢాకాలో ‘నీల్ దర్పణ్’ నాటకం అచ్చయింది. ముఖపత్రంమీద రచయిత పేరు లేదు. ఎవరో ఒక బాటసారి రచించినట్లు మాత్రమే ఉంది. తపాలా తనిఖీదారుకు అంతకంటె యథార్థమైన మారుపేరు దొరకదు. మరుసటి ఏడు ఆ నాటకానికి ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురింపజేసినందుకు రెవరెండ్ జేమ్స్ లాంగుకు నెల రోజుల ఖైదు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. జరిమానాను కాళీప్రసన్న సింహ చెల్లించారు. పేరు దాచుకోవడం పిరికితనమా, వివేకమా అని అడిగేవారికి లాంగుకు పడిన శిక్షే సమాధానం.

దీనబంధు ఉద్యోగంలో అలసత్వం చూపినవారు కారు. 1871లో లుషాయి కొండల దండయాత్రకు తపాలా ఏర్పాట్లు చేసినందుకు ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదమిచ్చింది. 1872 డిసెంబరులో కలకత్తాలో నేషనల్ థియేటరువారు టిక్కెట్టు పెట్టి మొదట ప్రదర్శించిన నాటకం ఆయనదే. ఆ మరుసటి సంవత్సరమే, నలభై మూడేళ్ల వయస్సులో ఆయన మరణించారు. ఎడతెగని ప్రయాణాలు ఆయన దేహాన్ని పిండివేశాయనీ, చేసిన చాకిరికి తగిన ఫలం దక్కలేదనీ ఆప్తమిత్రుడు బంకించంద్రుడు తరువాత వ్రాశారు.

బదిలీల నడుమ బంకించంద్రుడు

1858లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులైన తొలి ఇద్దరిలో బంకించంద్ర చటోపాధ్యాయ ఒకరు. ఆ సంవత్సరమే డిప్యూటీ మేజిస్ట్రేటు, డిప్యూటీ కలెక్టరుగా జెస్సోరులో చేరారు. దీనబంధుతో స్నేహం అక్కడే కుదిరింది. ఆ తరువాత ఖుల్నా, బారుయిపూర్, బరంపురం, హుగ్లీ, హౌరా, ఒరిస్సాలోని జాజ్‌పూర్, అలీపూర్ ఇలా ముప్పై మూడేళ్లు బదిలీలలోనే గడిచిపోయాయి. ఇక్కడ చెప్పిన బరంపురం మన గంజాం సరిహద్దు ఊరు కాదు, ముర్షిదాబాదు జిల్లాలోనిది.

ఆయన గ్రంథాలనూ నివాసాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. ‘దుర్గేశనందిని’ 1865లో, ‘కపాలకుండల’ 1866లో వచ్చాయి. అప్పటికి వయస్సు ముప్పై నిండలేదు. చేతినిండా కచేరీ పని. 1872లో బరంపురంలో ఉండగానే ‘బంగదర్శన్’ మాసపత్రికను ప్రారంభించారు. పగలు న్యాయపీఠం, రాత్రి ప్రూఫులు. ఆ పత్రికలోనే వంగదేశపు రైతును గూర్చి ఆయన వ్యాసాలు వచ్చాయి. జమీందారు వసూలు చేసే అక్రమ పన్నుల వివరాలు, శాశ్వత శిస్తు చట్టం రైతుకు చేసిన కీడు అందులో ఉన్నాయి. ఆ వివరాలు గ్రంథాలయంలో దొరికేవి కావు. వ్యాజ్యాలు విన్న మేజిస్ట్రేటు మాత్రమే అంత సూటిగా వ్రాయగలడు. వృత్తి ప్రవృత్తికి ముడిసరుకు సరఫరా చేసిందన్నమాట.

కాని దేనికైనా హద్దున్నది. జమీందారును నిందించినంత సులభంగా సర్కారును నిందించడం సర్కారు ఉద్యోగికి సాధ్యం కాదు. ‘ఆనందమఠం’ 1882లో పుస్తకంగా వెలువడేనాటికి ఆయన ఉద్యోగంలోనే ఉన్నారు. కథను పద్దెనిమిదవ శతాబ్దపు సన్యాసుల తిరుగుబాటుకు, 1770 నాటి మహాక్షామానికి తీసుకుపోయారు. వర్తమానంలో అనరానిదానిని గతం నోట పలికించారు. తరువాతి ముద్రణలలో కొన్ని మాటలను మార్చారు కూడా. ఆ ఏడాది జనవరిలోనే ఆయన తాత్కాలికంగా నిర్వహిస్తున్న వంగ ప్రభుత్వ సహాయ కార్యదర్శి పదవి రద్దయింది. మళ్లీ జిల్లా కచేరీకి పోవలసివచ్చింది.

1891లో పదవీ విరమణ. 1894 ఏప్రిల్ 8న మరణం. ముప్పై మూడేళ్ల ఉద్యోగం తరువాత ఆయనకు దక్కిన విశ్రాంతి మూడేళ్లు నిండలేదు. తమ పుస్తకాన్ని పదవీ విరమణకు దాచుకొనే ఉద్యోగులు ఈ తేదీలను గుర్తుంచుకోవడం మంచిది. బంకించంద్రుడు దాచుకొని ఉంటే మనకు ‘వందేమాతరం’ ఉండేది కాదు.

నలభై తొమ్మిదేళ్ల వయస్సులో

రమేశచంద్ర దత్తు దారి వేరు. 1868లో ఇంట చెప్పకుండా, సురేంద్రనాథ బెనర్జీ, బిహారీలాల్ గుప్తలతో కలిసి ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. సివిల్ సర్వీసు పరీక్షలో కృతార్థులై 1871లో తిరిగివచ్చారు. 1874లో నదియా జిల్లా మెహర్‌పూర్‌లో కరవు సహాయ కార్యక్రమం, 1876లో బాకర్‌గంజ్ తుపాను తరువాత దక్షిణ షాబాజ్‌పూర్ దీవిలో పునరావాస భారం ఆయనకు అప్పగించారు. ఆ తుపానులోనూ, వెంట వచ్చిన కలరాలోనూ పోయిన ప్రాణాలు లక్షలలోనే. 1883లో బాకర్‌గంజ్ జిల్లా మేజిస్ట్రేటు అయ్యారు. ఒక జిల్లా పాలన భారతీయుని చేతిలో పెట్టడం ఆనాడు పెద్ద సంగతి.

తన మాతృభాషలో వ్రాయగలనన్న నమ్మకం ఆయనకు మొదట లేదు. చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. విద్యావంతులు ఎలా వ్రాస్తే అదే శైలి అవుతుందని ధైర్యం చెప్పి వంగభాషలోకి లాగినవారు బంకించంద్రుడు. ఒక డిప్యూటీ కలెక్టరు ఒక సివిలియనుకు చేసిన ఈ ఉపదేశం ఏ దస్త్రంలోనూ ఎక్కలేదు. దాని ఫలితంగా 1870ల దశకంలో నాలుగు చారిత్రక నవలలు, తరువాత ఋగ్వేదానికి వంగానువాదం వచ్చాయి. 1894లో వంగీయ సాహిత్య పరిషత్తుకు తొలి అధ్యక్షులయ్యారు. ఆ సంవత్సరమే బర్ద్వాను కమిషనరు పదవిలోనూ పనిచేశారు.

నవలకూ, వేదానువాదానికీ సర్కారు అభ్యంతరం చెప్పలేదు. అయితే కరవు ప్రాంతాలలో ఇరవై ఏళ్లు తిరిగిన అధికారి మనస్సులో మరొక పుస్తకం పెరుగుతున్నది. వర్షాభావం ఒక్కటే క్షామానికి కారణం కాదనీ, మితిమీరిన భూమిశిస్తు, చేతివృత్తుల క్షయం, దేశసంపద వెలుపలికి ప్రవహించడం రైతును నిల్వలేనివానిగా చేశాయనీ దాని సారాంశం. ఆ మాట ఉద్యోగంలో ఉండి నిండుగా చెప్పడం ఎలా? 1897లో, ఇంకా పైపదవులకు ఎదగడానికి అవకాశం ఉండగానే, నలభై తొమ్మిదేళ్ల వయస్సులో ఆయన ఉద్యోగం విడిచిపెట్టారు. లండనులో యూనివర్సిటీ కాలేజీలో భారత చరిత్ర బోధించారు. రామాయణ, మహాభారతాలను సంగ్రహించి ఇంగ్లీషు పద్యాలలోకి తెచ్చారు. 1899లో లక్నో కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. 1900లో క్షామాలను గూర్చి కర్జన్ ప్రభువుకు బహిరంగ లేఖలు ప్రకటించారు. భారత ఆర్థిక చరిత్ర రెండు సంపుటాలు 1902లోనూ, 1904లోనూ వెలువడ్డాయి. పిమ్మట బరోడా సంస్థానంలో రెవెన్యూ మంత్రిగా, చివర దివానుగా పనిచేసి, 1909 నవంబరు 30న ఆ పదవిలోనే మరణించారు.

విరమించిన తరువాతి పన్నెండేళ్లలో ఇంత పని జరగడం ఆశ్చర్యమే. కాని ఆ పుస్తకానికి కావలసిన జ్ఞానం 1897లో పుట్టినది కాదు. మెహర్‌పూర్ గంజి కేంద్రాలలోనూ, షాబాజ్‌పూర్ శవాల మధ్యనూ పోగుపడినది. ఉద్యోగం ఇచ్చిన జ్ఞానాన్ని చెప్పడానికి ఉద్యోగమే అడ్డుగా నిలిచినప్పుడు ఆయన పక్కకు తప్పుకొన్నారు.

విజయనగరం లెక్క

మన తెలుగుసీమలో గురజాడ అప్పారావు గారిది ఇంకొక విధానం. విజయనగరం మహారాజా కళాశాలలో అధ్యాపకులుగా ఉండి, సంస్థానంలో శాసన పరిశోధకులై, 1897లో ఆనందగజపతి మహారాజు అస్తమించిన తరువాత రీవా రాణి గారికి కార్యదర్శిగా పనిచేశారు. ‘కన్యాశుల్కం’ పుట్టుక ప్రభుత్వోద్యోగులు ప్రత్యేకించి తెలుసుకోదగినది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల జాబితాను మహారాజు తయారు చేయించారు. మూడేళ్లలో లెక్కకు వచ్చినవి 1034 పెళ్లిళ్లు. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయస్సు పసికందులు ముగ్గురు. మొదటి ముద్రణ పీఠికలో అప్పారావు గారే ఈ అంకెలు చెప్పారు. గుమాస్తాల చేత తయారైన పట్టికను ఒక కచేరీ బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. అదే పట్టికలో ఒక రచయిత సుబ్బిని, బుచ్చమ్మను చూచాడు. 1892లో నాటకం ప్రదర్శితమయింది, 1897లో అచ్చయింది.

ఆ తరువాతి ఏళ్లు సంస్థాన వారసత్వ వ్యాజ్యం ఆయన ఓపికను హరించాయి. వకీళ్లు, వాఙ్మూలాలు, మద్రాసు ప్రయాణాలు, పైన అనారోగ్యం. అయినా ఆ నడుమనే నాటకాన్ని దాదాపు కొత్తదిగా తిరిగి వ్రాసి 1909లో ప్రకటించారు. 1910లో ‘ముత్యాల సరాలు’ వచ్చాయి. 1913లో ఉద్యోగ విరమణ. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుక భాషను సమర్థిస్తూ అసమ్మతి పత్రం. 1915 నవంబరు 30న తనువు చాలించడం. ఆయనకూ దక్కిన తీరిక రెండేళ్లే. ఆయనకు కలిగిన అదృష్టం ఒకటి. తన మనస్సులోని సంస్కరణాభిలాష, కొలువు ఇచ్చిన ప్రభువు అభిలాష ఒకటి కావడం. అటువంటి సందర్భాలు అరుదు గనుకనే తక్కినవారి దారులు కూడా మనం తెలుసుకోవాలి.

మనకు మిగిలిన ప్రశ్న

పేరు దాచుకొన్నవారు దీనబంధు. గతాన్ని ముసుగుగా ధరించినవారు బంకించంద్రుడు. కొలువు విడిచినవారు దత్తు. అనుకూలుడైన ప్రభువు దొరికినవారు అప్పారావు గారు. మాట దాచక కొలువే పోగొట్టుకొన్నవారు బ్రౌన్. వీరిలో ఎవరి మార్గమూ అందరికీ ఆదర్శం కాజాలదు. ఒక్కటి మాత్రం అందరికీ సమానం. ఉద్యోగాన్ని ఒక గదిలోనూ, మనస్సును మరొక గదిలోనూ ఉంచి నడుమ తలుపు బిగించినవారు వీరిలో లేరు. తలుపు తెరిచి ఉంచారు గనుకనే కరవు నివేదికలోని కన్నీరు ఆర్థిక చరిత్రలోకి, పట్టికలోని పసిపాప నాటకంలోకి నడిచి వచ్చాయి. తిరిగి, రచయితకు అలవడిన సానుభూతి అధికారికీ అబ్బిందని నమ్మడానికి ఆధారాలున్నాయి. గుంటూరులో బ్రౌన్ ఎన్నుకొన్న మాట అటువంటిది.

స్వాతంత్ర్యానంతరం ఈ చిక్కు కొంత సడలింది. కేంద్ర ఉద్యోగులకు 1964లో, అఖిల భారత సర్వీసులవారికి 1968లో ఏర్పడిన ప్రవర్తన నియమావళులు కేవలం సాహిత్య, కళా, వైజ్ఞానిక స్వభావం గల రచనలకు ముందస్తు అనుమతి అక్కరలేదని అంగీకరించాయి. ప్రభుత్వ విధానాలను విమర్శించే రచనలను నిషేధించాయి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ సర్వీసులో ఉంటూనే శ్రీలాల్ శుక్ల హిందీలో ‘రాగ్ దర్బారీ’ వ్రాసి 1968లో ప్రకటించారు. గ్రామీణ పాలనలోని కుళ్లును నవ్విస్తూ బయటపెట్టిన ఆ నవలకు మరుసటి ఏడు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సాహిత్యమేదో, విమర్శ ఏదో విడదీసే గీత నియమావళిలో కనిపించినంత స్పష్టంగా జీవితంలో ఉండదని ఆ నవల చెప్పకనే చెబుతుంది. ఆ గీత ఎక్కడ ఉన్నదో నిర్ణయించుకోవడం నేటికీ వ్రాసే ఉద్యోగి మనస్సాక్షికే మిగిలింది.

మరొక బాకీ కూడా చెప్పుకోవాలి. ఈ మహనీయుల రాత్రులు కలానికి అంకితమైనప్పుడు ఆ ఇళ్లను నడిపినవారు, రోగాలకు పరిచర్య చేసినవారు, ప్రతి బదిలీకీ సామాను సర్దినవారు ఆ ఇంటి స్త్రీలు. వారికి ప్రవృత్తి ఉన్నదో లేదో అడిగినవారు లేరు. నేడు ఆ స్త్రీలే అధికారులై అవే కుర్చీలలో కూర్చున్నారు. ఇంటిపని పంచుకొనని భర్త తన తీరికను వారి తీరిక నుంచే తీసుకొంటున్నాడన్న సంగతి మరువరాదు.

ఈ వ్యాసం కోసం నా కాగితాల కట్ట ముడి విప్పాను. అంచులు పసుపుబారాయి, కొన్ని లెక్కలు ఇప్పుడు చూస్తే తప్పులతడకలు. అయితే ఇరవై ఏళ్ల క్రితం అర్థం కాని జమాబందీ పద్దులు ఇప్పుడు తేలికగా బోధపడ్డాయి. కరవు మండలాలలో శిస్తు వాయిదా దరఖాస్తులు చదివిన అనుభవం వాటిని విప్పి చెప్పింది. ఇంతకాలం ఉద్యోగం నా చదువును ఆపివేసిందనుకొన్నాను. దత్తుగారు మెహర్‌పూర్‌లో చదివిన పాఠమే నాకూ చెబుతున్నదని గుర్తించలేదు. నిన్న రాత్రి మొదటి పుట తిరిగి వ్రాశాను. ఈసారి బదిలీ ఉత్తరువు వస్తే ఆ కట్ట సామానులోకి కాదు, చేతిసంచిలోకి ఎక్కుతుంది.